ప్రార్థన రాని మూడేళ్లు: బర్మా జడ్సన్ దొర జీవితం

రంగం అంటే ఏమిటో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాత తరానికి చెప్పనక్కర్లేదు. రంగూన్ పట్నాన్ని మనవాళ్లు అలాగే పిలుచుకున్నారు. కళింగపట్నం, బారువ, భీమునిపట్నం రేవుల్లో ఓడ ఎక్కి వెళ్లి, అక్కడి బియ్యం మిల్లుల్లోనూ రేవుల్లోనూ కూలి చేసి, నాలుగు రాళ్లు వెనకేసుకుని వచ్చిన తాతల కథలు ఊరూరా ఉన్నాయి. 1942లో జపాను బాంబులకు భయపడి కాలినడకన బయలుదేరి దారిలోనే పోయినవారి కథలూ ఉన్నాయి.

మనవాళ్లు అంతగా రంగం పోవడం మొదలుకాక ముందే ఒక అమెరికా దొర ఆ దేశంలో కాలు పెట్టి, ముప్పై ఆరేళ్లకు పైగా దానినే తన దేశమనుకున్నారు. ఆయన పేరు అదోనీరాం జడ్సన్. బైబిలు మొత్తాన్ని బర్మా భాషలోకి తెచ్చిన మనిషిగా క్రైస్తవ సంఘాల్లో ఆయన పేరు తెలియనివారు తక్కువ. ఆయన జైలు కథ, తలగడ కథ ఆదివారపు ప్రసంగాల్లో తరచూ వినిపిస్తాయి. జైలు తర్వాతి కథ మాత్రం ఎక్కువగా వినిపించదు. జైలునుంచి బయటపడ్డాక మూడేళ్ల పాటు ఆయనకు దేవుడు దొరకలేదు. ఆ ముక్కే ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలని ఉంది.

ఎందుకంటే మన పల్లె సంఘాల్లోనూ అలాంటివారు ఉంటారు. చేతికందిన బిడ్డ పోయిన తల్లి ఉంటుంది. తుపానులో పడవ, వల, ఇల్లు అన్నీ పోయిన మనిషి ఉంటాడు. మోకరిస్తే మాట రాదు. పాట ఎత్తుకుంటే గొంతు పాడుతుంది గాని లోపల ఏమీ పలకదు. ఆ సంగతి పైకి చెబితే విశ్వాసం తగ్గిందంటారు, ఏదో పాపం దాచిపెట్టాడంటారు. అందుకని చెప్పరు. కొన్నాళ్లకు ఆదివారం రావడం మానేస్తారు. ఎవరూ అడగరు కూడా.

జడ్సన్‌కూ మన ప్రాంతానికీ ఒక లంకె ఉంది. ఆయనకు అండగా నిలవడం కోసమే 1814లో అమెరికా బాప్టిస్టులు తమ విదేశీ మిషన్ సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నారు. ఆ సంఘమే తరువాత శామ్యూల్ డే అనే ఆయనను తెలుగువారి దగ్గరకు పంపింది. డే దంపతులు 1836లో విశాఖపట్నం వచ్చి, కొంతకాలం శ్రీకాకుళంలో కాపురముండి, ఆ తర్వాత మద్రాసు మీదుగా 1840లో నెల్లూరు చేరారు. చాలా ఏళ్లకు కెనడా బాప్టిస్టులు శ్రీకాకుళం, బొబ్బిలి, విజయనగరం, పాలకొండ, పర్లాకిమిడిలలో మిషన్లు పెట్టారు. వారిలో ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు శ్రీకాకుళంలో పని చేసి, తరువాత బర్మా వెళ్లి అక్కడి తెలుగు కూలీల మధ్య ఉన్నారు. ఈ ఒడ్డుకూ ఆ ఒడ్డుకూ రాకపోకలు అలా ఉండేవి.

సత్రంలో పక్క గది

జడ్సన్ 1788 ఆగస్టు 9న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం మాల్డెన్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి పాదిరి. కొడుకు మూడేళ్లకే చదవడం నేర్చుకున్నాడు. 1807లో కాలేజీ చదువు తరగతికి మొదటివాడిగా ముగించాడు. అక్కడే జేకబ్ ఈమ్స్ అనే స్నేహితుడి సావాసంలో తండ్రి నేర్పిన విశ్వాసం పోయింది. దేవుడు ఉన్నా మనుషుల సంగతి పట్టించుకోడు, బైబిలు మనుషులు రాసుకున్నదే అనేది ఆ స్నేహితుడి వాదం. ఇంట్లో ఈ మాట చెబితే తల్లి ఏడ్చింది. తండ్రితో వాదనకు దిగి నెగ్గాడు గాని, తల్లి కన్నీళ్లకు జవాబు లేక గుర్రమెక్కి ఊరు విడిచాడు.

కొన్నాళ్లు నాటకాల వాళ్లతో తిరిగి, వస్తూ వస్తూ ఒక రాత్రి సత్రంలో ఆగాడు. పక్క గదిలో ఒక పడుచువాడు చావుబతుకుల్లో ఉన్నాడని సత్రం యజమాని ముందే చెప్పాడు. రాత్రంతా మూలుగులు వినిపించాయి. పోతున్నవాడు పోవడానికి సిద్ధంగా ఉన్నాడా అని జడ్సన్‌కు నిద్ర పట్టలేదు. ఈ ఆలోచన తెలిస్తే ఈమ్స్ నవ్వుతాడని సిగ్గుపడ్డాడు కూడా. తెల్లారి అడిగితే ఆ మనిషి పోయాడన్నారు. పేరడిగితే జేకబ్ ఈమ్స్ అన్నారు.

ఆ దెబ్బకు ఇంటికి మళ్లాడు. 1808లో వేదాంత పాఠశాలలో చేరి, ఆ ఏడు చివర దేవుడికి తనను తాను అప్పగించుకున్నాడు. 1812 ఫిబ్రవరి 5న ఆన్ హాసెల్‌టైన్‌ను పెళ్లాడి, రెండు వారాలకే, ఫిబ్రవరి 19న ఇద్దరూ కలకత్తా ఓడ ఎక్కారు. అక్కడ కంపెనీ ప్రభుత్వం ఉండనివ్వలేదు. మారిషస్ దీవికీ, అక్కడినుంచి మద్రాసుకూ తిరిగి, చివరకు బంగాళాఖాతం దాటి 1813 జూలై 13న రంగూన్‌లో దిగారు. దారిలో తొలి కాన్పు. బిడ్డ చనిపోయి పుట్టింది. రంగూన్‌లో పుట్టిన రెండో బిడ్డ ఎనిమిది నెలలకే పోయాడు.

ఆరేళ్లు ఒక్క మనిషీ మారలేదు. జడ్సన్ బర్మా భాష నేర్చుకుంటూ, రోడ్డు పక్కన మన రచ్చచావడి లాంటి పాక కట్టి, వచ్చేపోయేవారితో మాట్లాడుతూ కూర్చున్నారు. 1819 జూన్ 27న మౌంగ్ నౌ అనే ఆయన తొలి బాప్తిస్మం తీసుకున్నాడు. 1823 నాటికి కొత్త నిబంధన అనువాదం పూర్తయింది.

తలగడ

1824లో ఇంగ్లీషువారికీ బర్మా రాజుకూ యుద్ధం వచ్చింది. తెల్లవాళ్లంతా గూఢచారులేనని జూన్ 8న రాజధాని ఆవాలో జడ్సన్‌ను పట్టుకుపోయారు. సుమారు పదిహేడు నెలలు రెండు జైళ్లలో ఉన్నారు. కాళ్లకు సంకెళ్లు. రాత్రిళ్లు ఖైదీల కాళ్లను వెదురుకు కట్టి పైకి లాగేవారు. భుజాలు, తల మాత్రమే నేలకు ఆనేవి.

ఆన్ బయట ఉండి చేసిన పని ఇంకెవరూ చెయ్యలేరు. రోజూ అధికారుల గుమ్మాలు తిరిగేవారు, లంచాలిచ్చేవారు, అన్నం వండి జైలుకు మోసుకెళ్లేవారు. అనువాదం రాతప్రతిని దొరక్కుండా తలగడలో పెట్టి కుట్టి భర్తకు అందించారు. ఎవరూ ఆశపడకుండా దాన్ని గట్టిగా, వికారంగా కుట్టారు. ఖైదీలను ఇంకో జైలుకు తోలినప్పుడు తలగడ పోయింది. పైగుడ్డ చింపి పారేసిన ఆ ఉండను మౌంగ్ ఇంగ్ అనే బర్మా క్రైస్తవుడు గురువు గుర్తుగా ఉంటుందని ఇంటికి తీసుకెళ్లాడు. లోపల ఏముందో అతనికి తెలియదు. నెలల తర్వాత విప్పితే రాతప్రతి చెక్కుచెదరకుండా ఉంది.

1825 జనవరిలో ఆన్‌కు ఆడపిల్ల పుట్టింది. మరియ అని పేరు పెట్టారు. రెండో జైలు దగ్గర ఆన్‌కు జబ్బు చేసి పాలు ఎండిపోయాయి. జైలరుకు కానుకలిచ్చి బతిమాలితే జడ్సన్‌ను కాసేపు బయటికి వదిలేవారు. ఆయన కాళ్లకు సంకెళ్లతోనే బిడ్డను చంకన వేసుకుని, బాలింతలున్న ఇళ్లకు పోయి, కాస్త పాలు పట్టమని బతిమాలేవారు. ఆ ఊరి తల్లులు పట్టారు.

1826లో సంధి కుదిరి విడుదలయ్యారు. కథ ఇక్కడ ముగిస్తే ఎంతో బాగుండేది. ప్రసంగాల్లో చాలామంది ఇక్కడే ముగిస్తారు.

అడవిలో గుడిసె

ఇంగ్లీషువారి రాయబారానికి దుబాసీగా రమ్మంటే ఆ ఏడు జూలైలో జడ్సన్ భార్యాబిడ్డలను అమ్హర్స్ట్ అనే కొత్త రేవు పట్నంలో దించి మళ్లీ ఆవా వెళ్లారు. కొత్త ఒప్పందంలో మతస్వేచ్ఛ సంగతి కూడా రాయించవచ్చని ఆశ. అది నెరవేరలేదు. ఆయన అక్కడ ఉండగానే నల్ల ముద్ర వేసిన ఉత్తరం ఒకటి వచ్చింది. బలహీనంగా ఉన్న బిడ్డ పోయిందేమోననుకుని విప్పారు. పోయినది ఆన్. అక్టోబరు 24న, 36 ఏళ్ల వయసులో, జ్వరంతో పోయారు. అక్కరకు రాని పనికి పోయి ఆఖరి గడియలో పక్కన లేకపోయానన్న బాధ ఆయనను చాలాకాలం వదలలేదు. ఆరు నెలలకు, 1827 ఏప్రిల్ 24న, మరియ కూడా పోయింది. తల్లి పక్కనే పూడ్చారు. సంకెళ్లతో మోసుకు తిరిగి పాలు పట్టించిన బిడ్డ. ఈ లోపల అమెరికాలో తండ్రి పోయిన కబురు కూడా అందింది.

మొదట్లో ఎవరికీ తేడా తెలియలేదు. మౌల్మీన్‌కు మారి యథాప్రకారం బోధించారు, బాప్తిస్మాలు ఇచ్చారు. లోపల మాత్రం ఏదో మూసుకుపోయింది. తన దుఃఖానికి తన గర్వమే కారణమని ఆయనకు తోచింది. పేరు కోసం బర్మా వచ్చానా, దేవుడి కోసమా అని తనను తాను తవ్వుకున్నారు. 1828లో కాలేజీ వారు ఇచ్చిన డాక్టరు బిరుదు వదిలేశారు. సొంత సొమ్మంతా మిషన్‌కు రాసిచ్చారు. తనను పొగిడిన ఉత్తరాలను తగలబెట్టించారు. దొరల ఇళ్లలో విందులకు వెళ్లడం మానేశారు. ఆన్ పోయి రెండేళ్లు నిండిన రోజున, 1828 అక్టోబరు 24న, ఊరి బయట అడవిలో గుడిసె వేసుకుని ఒంటరిగా ఉండసాగారు.

అక్కడితో ఆగలేదు. గుడిసె దగ్గర సమాధి తవ్వించుకుని, దాని పక్కన కూర్చుని, దేహం మట్టిలో ఎలా కుళ్లిపోతుందో అంచెలంచెలుగా తలచుకునేవారు. చిత్రమేమిటంటే శవాన్ని తలచుకుంటూ ధ్యానించడం బౌద్ధ భిక్షువుల పాత సాధన. మన శాలిహుండం కొండ మీద, రామతీర్థం గుట్టల మీద ఒకప్పుడు ఉన్న భిక్షువులకూ అది తెలిసే ఉంటుంది. బౌద్ధుల దేశంలో క్రీస్తును బోధించడానికి వచ్చిన మనిషి చివరకు ఆ దారే తొక్కారు. ఆ తర్వాత ఇంకా లోపలికి, పులులు తిరిగే కొండకు పోయి, నలభై రోజులు కొంచెం అన్నంతో గడిపారు.

ఇంత చేసినా తలుపు తెరుచుకోలేదు. 1829 అక్టోబరులో, ఆన్ పోయిన మూడో ఏడు, దేవుడున్నాడని తాను నమ్ముతున్నాననీ, ఆయన మాత్రం తనకు కనబడడం లేదనీ ఒక ఉత్తరంలో రాశారు.

జడ్సన్ నాస్తికుడు కాలేదు. ఆయన నమ్మకం పోలేదు, నమ్మినవాడి జాడ పోయింది. ఇరవై ఏళ్ల వయసులో కాలేజీలో పోయింది వేరు, నలభై ఏళ్ల వయసులో ఈ అడవిలో పోయింది వేరు. మొదటిది వాదనతో పోయింది. రెండోది సేవ చేస్తూ, జైలు అనుభవించి, అన్నీ ఇచ్చేశాక పోయింది. దాచిన పాపం ఉంటేనే మనసు మూసుకుపోతుందని చెప్పేవారు ఈ మూడేళ్ల ముందు ఏం చెబుతారో నాకు తెలియదు. బైబిల్లోనే 88వ కీర్తన ఉంది. మిగతా మొరల కీర్తనలన్నీ ఎక్కడో ఒకచోట వెలుగులోకి తిరుగుతాయి. ఆ ఒక్కటి చివరి మాట దాకా చీకట్లోనే ఉంటుంది. అయినా దాన్ని ప్రార్థనల పుస్తకంలోంచి ఎవరూ తీసెయ్యలేదు. పాత నిబంధన అనువాదంలో జడ్సన్ దాన్ని కూడా బర్మా మాటల్లోకి మార్చవలసి వచ్చింది.

సమాధి తవ్వుకుని కూర్చోవడం మాత్రం నాకు సరిగా తోచదు. అప్పటి తోటి మిషనరీలకూ తోచలేదు, కంగారు పడ్డారు. ఇప్పుడైతే ఇలాంటి మనిషిని మానసిక వైద్యుడికి చూపిస్తారు, చూపించాలి కూడా. ఆసుపత్రికి తీసుకెళ్తే ప్రార్థనకు తక్కువేమీ కాదు.

వెదురు పందిరి

ఆయన అడవికి పోతున్న రోజుల్లో జరిగిన ఒక చిన్న సంగతి జీవితచరిత్రల్లో ఉంది. సంఘంలోని ఒక బర్మా పరిచారకుడు గురువు వెనకాలే చాటుగా వెళ్లి, ఆయన ఎక్కడ కూర్చుంటున్నారో చూసి వచ్చాడు. ఆయన లేనప్పుడు మళ్లీ వెళ్లి అక్కడ వెదురుతో కూర్చునే చోటు కట్టి, ఎండకు, వానకు పైన కొమ్మలు కప్పాడు. కట్టింది ఎవరో గురువుకు తెలియనివ్వలేదు. అడవి విడిచి రమ్మని పోరు పెట్టలేదు, విశ్వాసం గురించి పాఠం చెప్పలేదు. నీడ మాత్రం కట్టాడు.

నాకు ఈ కథ మొత్తంలో జైలు కంటే, తలగడ కంటే ఇదే పెద్దదిగా కనబడుతుంది.

రెండోది ఒక ఉత్తరం. జడ్సన్‌కు ఎల్నాథన్ అనే తమ్ముడు ఉండేవాడు. 1812లో అన్న ఓడ ఎక్కడానికి బయలుదేరినప్పుడు ఇద్దరూ గుర్రాల మీద వస్తూ, దారిలో దిగి, మంచులో మోకరించారు. విశ్వాసం లేని తమ్ముడి కోసం అన్న ప్రార్థించాడు. ఆ తర్వాత వాళ్లు మళ్లీ కలుసుకోలేదు. ఆ ప్రార్థనకు ఫలితం ఉన్నట్టు ఏళ్ల తరబడి ఏ కబురూ లేదు. 1829లో ఎల్నాథన్ చనిపోయాడు. చనిపోయే ముందు అతను దేవుడితో సమాధానపడ్డాడన్న వార్త సముద్రాలు దాటి నెలల తర్వాత అన్నకు అందింది. పదిహేడేళ్ల నాటి మొర వట్టిపోలేదని, తనకు ఏ మాటా వినిపించని సమయంలోనే తెలిసింది.

మూడోది చేతిలో పని. అడవిలో ఉన్న రోజుల్లో కూడా ఆయన కొత్త నిబంధన అనువాదాన్ని సరిదిద్దడం మానలేదు. మనసు పలకనప్పుడు ఒక్కొక్క మాటకు సరైన బర్మా మాట వెతుకుతూ కూర్చున్నారు. మన తెలుగు సంఘాల్లో ఆశకు నిరీక్షణ అనే మాట వాడతాం. నిరీక్షణ అంటే ఎదురుచూపు కూడా. వచ్చేవాడు కనబడకపోయినా వాకిలి ఊడ్చి దీపం పెట్టడం ఎదురుచూసే ఇంటి పద్ధతి. జడ్సన్ అనువాదం ఆ మూడేళ్లూ అలా సాగింది.

ఫలానా రోజున వెలుగు వచ్చిందని చెప్పడానికి ఏమీ లేదు. 1830లో ఆయన గుడిసె విడిచి రంగూన్ వెళ్లారు. ఐరావతి నది మీదుగా ప్రోమ్ పట్నం దాకా పోయారు. అక్కడ అధికారులు నిలవనివ్వలేదు, చెప్పుకోదగ్గ ఫలితమూ లేదు. ఆ తర్వాత రంగూన్‌లో గది తీసుకుని పాత నిబంధన అనువాదంలో మునిగారు. 1831లో ష్వేడగోన్ పగోడా పెద్ద ఉత్సవానికి దేశం నలుమూలలనుంచి జనం వచ్చారు. అడిగినవారికే ఇస్తానని నియమం పెట్టుకున్నా, పదివేలకు దగ్గరగా కరపత్రాలు చెల్లిపోయాయి. నెలల తరబడి నడిచి వచ్చినవారు ఇంటి గుమ్మంలో నిలబడి, నరకం సంగతి రాసిన కాగితం చూశామనీ, తప్పించుకునే దారి చెప్పమనీ అడిగారు. తరువాత మౌల్మీన్ చుట్టుపక్కల అడవుల్లో కరెన్ జాతివారి ఊళ్లు తిరిగారు. ఒకప్పుడు చావును తలచుకోవడానికి పోయిన అడవుల్లాంటివే అవీ. ఈసారి మనుషుల కోసం పోయారు.

1834 జనవరి 31న బైబిలు మొత్తం అనువాదం ముగిసింది. ఆ ఏప్రిల్‌లో, తోటి మిషనరీ బోర్డ్‌మన్ చనిపోగా ఒంటరిగా సేవ చేస్తున్న సారాను పెళ్లాడారు. ఎనిమిదిమంది పిల్లలు పుట్టి, ఐదుగురు బతికారు. 1845లో సారాకు జబ్బు చేసి అమెరికాకు తీసుకుపోతుంటే, దారిలో సెంట్ హెలీనా దీవి దగ్గర పోయారు. మళ్లీ అదే దెబ్బ. ఈసారి ఆయన అడవికి పోలేదు. దుఃఖపడ్డారు, పిల్లలను స్వదేశం చేర్చారు. మరుసటి ఏడు ఎమిలీ అనే రచయిత్రిని పెళ్లాడి, మళ్లీ బర్మా వచ్చి నిఘంటువు పనిలో కూర్చున్నారు. మొదటి ఇద్దరూ పోయినప్పటి దుఃఖంలో తేడా ఎక్కడుందో బయటివాళ్లం చెప్పలేం. సమాధి దగ్గర కూర్చుని వెతికితే దేవుడు దొరకడని మాత్రం ఆయనకు అప్పటికి తెలుసు.

1849 చివర పిల్లకు జబ్బు చేసి రాత్రివేళ లేచి చూసుకుంటుంటే ఆయనకు జలుబు పట్టుకుంది, అది జ్వరంగా మారింది. సముద్రపు గాలి తగిలితే నయమవుతుందని వైద్యులు చెప్పగా, 1850 ఏప్రిల్ మొదట్లో ఫ్రెంచి ఓడ ఒకటి ఎక్కించారు. ఎమిలీ నిండు గర్భిణి, వెంట వెళ్లలేకపోయారు. బర్మా కొండలు కనుమరుగై మూడు రోజులైనా కాలేదు. ఏప్రిల్ 12న ఓడలోనే ఆయన ప్రాణం పోయింది. ఆ రాత్రే పెట్టెలో పెట్టి సముద్రంలోకి దించారు. ప్రార్థన చేసే పాదిరి లేడు, నావికులు మౌనంగా నిలబడ్డారు. అప్పటికి బర్మాలో ఏడు వేలకు పైగా క్రైస్తవులు ఉన్నారు. ఆయన బైబిలును అక్కడి సంఘాలు ఇప్పటికీ చదువుతున్నాయి.

పది రోజులకు మౌల్మీన్‌లో ఎమిలీకి మగబిడ్డ చనిపోయి పుట్టాడు. సముద్రం మీద కబురు రావడానికి నెలలు పట్టే కాలం. ఆగస్టు చివర ఉత్తరం అందే దాకా, భర్త తేరుకుని వస్తారని ఆమె ఎదురుచూస్తూనే ఉన్నారు.